పైరును ప్రొద్దుటి పూట చూడండి

(వాన వెనుకపట్టిన యేట మెట్ట రైతులకు, గ్రామోద్యోగులకు కొన్ని మాటలు)

కరవు యేటిలో రైతులకు ధైర్యము చెప్పుచు వ్రాసెడి వ్యాసములు చాల వచ్చుచుండును. అట్టివి వ్రాయువారిలో నేనును ఒకడను. అయితే ఈసారి ధైర్యము చెప్పుటకు ముందు నేను చేసిన తప్పు నొకదానిని మీకు చెప్పవలసియున్నది. అది దాచి మీకు సలహాలిచ్చుటకు నాకు మొగము చెల్లదు.

అది 2017వ సంవత్సరము, ఆగస్టు నెల నడిమి దినములు. నేను ఉద్యోగములో చేరి అప్పటికి రెండేండ్లు కూడ నిండలేదు. అనంతపురం జిల్లాలో నాకు అప్పగించిన మండలమందు రైతులు పునర్వసు కార్తె చివర వేరుశనగ విత్తిరి. మొలక బాగుగా వచ్చినది. తరువాత ఒక జల్లు పడినది. అంతటితో వాన మొగము చాటువేసినది. ఇరువది నాలుగు దినములు చినుకు లేదు. నేను ఆనాడు మూడు గ్రామములు తిరిగి నాలుగవ గ్రామము చేరునప్పటికి పగలు ఒంటిగంట అయినది. బాట ప్రక్కన నాలుగెకరముల చేను. ఆకులన్నియు ముడుచుకొని నిలువుగా లేచియున్నవి. చేను పచ్చగా గాక బూడిద రంగుగా కనబడుచున్నది. గట్టుమీద చేని యజమాని, అరువది యేండ్లకు దగ్గరపడిన పెద్దమనిషి, తలగుడ్డ చేతబట్టుకొని నిలిచియున్నాడు. కొంచెము దూరమున వేపచెట్టు క్రింద గొర్రెల మంద ఉన్నది. ఎండిన చేనిని మేపుకొనుటకు కొంత రొక్కము ఇచ్చెదనని మందవాడు బేరము పెట్టి జవాబు కొరకు కాచుకొనియున్నాడు.

“సారూ, ఇది బతుకుతాదంటావా? ఈయప్పకు యేదో ఒగ మాట చెప్పల్ల” అని పెద్దాయన నన్నడిగెను.

నేను మోటారు సైకిలు దిగలేదు. చేనిలో అడుగు పెట్టలేదు. ఒక్క మొక్కనైనను పెరికి చూడలేదు. “ఇంక లాభం లేదు పెద్దాయనా, మేపించుకో. ఆ డబ్బులన్నా దక్కుతాయి” అని చెప్పి ముందుకు సాగితిని. సాయంకాలమునకు మంద చేనిలో దిగినది.

ఆరవనాటి రాత్రి వాన కురిసినది. గొప్ప వాన కాదు గాని మంచి పదను. తరువాత సెప్టెంబరులో కూడ వానలు వచ్చినవి.

ఆ చేనికి ఆనుకొని రెండెకరముల తుండు ఒకటి ఉన్నది. అది పెద్దాయన తమ్ముని భార్యది. తమ్ముడు చనిపోయి చాల కాలమైనది. ఒకేనాడు, ఒకే విత్తనము, ఒకే గొర్రుతో విత్తిన చేలవి. ఆమె మందను దింపలేదు. ఆ రెండెకరములలో ఆమెకు తొమ్మిది మూటల కాయ, ఇంటి ఆవులకు సరిపడు కట్టె వచ్చినవి. తొమ్మిది మూటలు గొప్ప దిగుబడి యని నేననను. అయితే ప్రక్క చేనిలో గొర్రెల అడుగులు తప్ప ఏమియు లేవు. నీవు ఎట్లు ఆగగలిగితివని నేనామెను అడిగితిని. ఆమె జవాబు ఇది: “నేను పొద్దన్నే బోతా సార్, గెనాల మింద గడ్డి కోసుకోనేకి. అప్పుడు ఆకులన్నీ ఇచ్చుకోనే ఉంటాయి. మద్యానం ఎవురు సూసినా సచ్చినట్లే కనపడతాయి.”

పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. “నువ్వేం జేస్తావులే సార్. ఎండలో వస్తివి, ఎండలో సూస్తివి” అన్నాడు. నాలుగు సంవత్సరములు కళాశాలలో చదివి పట్టము పుచ్చుకొన్న నాకు ఆ మాట తగులవలసిన చోటనే తగిలినది.

ఆమె చెప్పినది శాస్త్రమే. వేరుశనగ ఆకునకు రెండు జతలుగా నాలుగు రెక్కలుండును. రాత్రివేళ ఆ రెక్కలు ముడుచుకొనును, ప్రొద్దు పొడిచిన తరువాత విచ్చుకొనును. ఇది మీరందరు చూచినదే. నేలలో తేమ తగ్గినపుడు ఆ మొక్క మరొక పనికూడ చేయును. ఎండ ముదిరిన కొలది రెక్కలను పైకి మడిచి, తన వెడల్పు భాగమును సూర్యునికి చూపక అంచును మాత్రమే చూపును. అందువలన ఆకు వేడెక్కుట తగ్గును, ఆకు నుండి ఆవిరియై పోవు నీరును తగ్గును. నడి మధ్యాహ్నము ముడుచుకొన్న ఆకు మొక్క చచ్చిన గురుతు కాదు. ఉన్న కొద్ది తేమను అది పొదుపు చేసికొనుచున్నదన్నమాట. ఈ సంగతి తెలియనివాడు మధ్యాహ్నము వచ్చి తీర్పు చెప్పినచో నేను చెప్పిన తీర్పే చెప్పును.

కావున వాన వెనుకబడినపుడు మీ చేనిని ప్రొద్దు పొడిచిన గంట, గంటన్నర లోపల చూడండి. గట్టుమీద నిలిచి చూడక చేని నడుమకు నడవండి. ఎత్తున నొకచోట, పల్లమున నొకచోట, గరుసు నేలలో నొకచోట, ఒండు నేలలో నొకచోట చూడండి. రెక్కలు విచ్చుకొని మెత్తగా, పచ్చగా నున్నచో ఆ మొక్క బ్రదికియున్నది. విచ్చుకొనక వ్రేలాడుచు, ముట్టుకొన్న పెళపెళలాడుచున్నచో మొక్కను పెరికి కాండమును గోటితో గీరి చూడండి. లోపల పచ్చదనము, తడి కనబడినచో ఇంకను నాలుగు దినములు ఆగవచ్చును. లోపల గూడ గోధుమ రంగు తిరిగియున్నచో ఆ భాగము మీద ఆశ వదలుకొనవచ్చును. ఒక చేనిలో సగము బ్రదికి సగము చచ్చియుండుట మన ఎఱ్ఱ నేలలలో సామాన్యమే. మొత్తము చేనికి ఒకే తీర్పు చెప్పనవసరము లేదు.

పైరు వయస్సును కూడ చూడవలెను. ముప్పది దినములలోపు పైరు, అనగా పూత ఆరంభ దశలో నున్న పైరు, బెట్టకు బాగుగా తట్టుకొనును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో 1980 దశకములో జరిగిన ప్రయోగములలో, తొలి దశలో బెట్టకు గురియై తరువాత తడి దొరికిన వేరుశనగ దిగుబడిలో వెనుకపడలేదని తేలినది. బెట్ట తీరిన తరువాత పూత ఒక్కుమ్మడిగా వచ్చి కాయలు ఒకేసారి ముదురుట దీనికొక కారణము. అసలు గండము ఊడలు దిగునప్పుడు, కాయ ఊరునప్పుడు వచ్చును. పైనేల పెళ్లలు కట్టి గట్టిపడినచో ఊడ లోనికి దిగలేదు. ఆ దశలో మూడు వారములు వాన లేకున్న దిగుబడి పడిపోవును. ఇది దాచి మిమ్ములను మభ్యపెట్టుట నాకిష్టము లేదు. నీటి కుంటలో నీరున్నవారు దానిని తొలి దినములలో ఖర్చు చేయక ఈ దశకు దాచుకొనవలెను. పలుచని తడి ఒక్కటి ఆనాడు ఇచ్చినను ఎంతో మేలు.

బ్రదికిన చేనికి మీరు చేయగల పని మరికొంత ఉన్నది. నలువదియైదు దినములలోపు పైరైనచో గుంటక తోలి పైనేలను గుల్ల చేయండి. నేల నెఱ్ఱెలు పూడును, కలుపు చచ్చును, లోతేమ పైకి ఆవిరియై పోవుట తగ్గును. ఊడలు దిగనారంభించిన తరువాత మాత్రము గుంటక తోలరాదు. వాన పడి పైరు తేరుకొనుచున్నపుడు లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి ప్రొద్దుటి పూటగాని సాయంకాలముగాని పిచికారి చేసినచో మొక్క త్వరగా కోలుకొనును.

ఇక సంవత్సరము మాట. పైరును ఏ వేళకు చూడవలెనో చెప్పితిని. సంవత్సరమును గూడ ఏ వేళకు చూడవలెనో తెలిసికొనవలసియున్నది. మన జిల్లాలో ఏడాది వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమల కావల కురిసి, మనవైపు వచ్చునప్పటికి సత్తువ తగ్గియుండును. ఈశాన్య ఋతుపవనములకు మనము సముద్ర తీరమునకు దూరము. రెండు పందిళ్లకు పిలుపు వచ్చి రెండింటను కడపటి పంక్తిలో కూర్చున్నవారము మనము. అయినను ఈ లెక్కలో మనకు మేలైన సంగతి ఒకటి ఉన్నది. మన దగ్గర ఎక్కువ వాన కురియునది జూన్ నెలలో గాదు, జులై నెలలో గాదు. సెప్టెంబరులో. దాని తరువాతిది అక్టోబరు. జులై ఆఖరున ఆకాశము చూచి “ఈ యేడు అయిపోయెను” అనుకొను రైతు, అసలు వాన నెల రాకమునుపే లెక్క మూసివేయుచున్నాడన్నమాట.

మన పెద్దలు ఈ లెక్కను కార్తెల పేరుతో ఎఱిగియుండిరి. వారి కాలమున కొఱ్ఱ, సజ్జ, జొన్న, ఆముదము, కంది, ఉలవ అన్నియు నుండెడివి. ఒకటి తప్పినచో మరొకటి. తరువాతి కాలమున వేరుశనగ ధర చూచి అందరము దాని వెంట నడచితిమి. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు పైగా ఆ ఒక్క పంటయే వేసిరి. వేరుశనగ మంచి పంటయే, దానిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని ఆ పంటకు విత్తు కాలము జులై ఆఖరుతో ముగియును. ఒక్క పంటనే నమ్ముకొన్న రైతుకు జులైతో పాటు ఆశయు ముగిసినట్లే తోచును.

నిజమునకు పుష్యమి కార్తెలో పదను రాకున్నను ఆశ్లేషలో, అనగా ఆగస్టు మొదటి పక్షములో వచ్చినచో కంది, ఆముదము వేయవచ్చును. కొఱ్ఱ, సజ్జ, అలసంద, పెసర కూడ వేయవచ్చును. కొఱ్ఱ ఎనుబది దినములకు అటు ఇటుగా కోతకు వచ్చును. మఘ, పుబ్బ కార్తెలలో, అనగా ఆగస్టు రెండవ పక్షము మొదలు సెప్టెంబరు నడిమివరకు ఉలవ ఉన్నది. మూడు నెలల పంట. చలి రాత్రుల మంచుకే పండునని రైతులందురు. అంత మాట నేననలేను గాని, ఇతర పైరు నిలువలేని చోట అది నిలుచుట కన్నులార చూచితిని. గింజ గుగ్గిళ్లకు, చారునకు, ఎద్దుల దాణాకు. పొట్టు, కంప పశువులకు. ధర బాగుగా పలికిన యేడు వేరుశనగ రైతు అసూయ పడునంత రొక్కమును కూడ ఇచ్చినది.

విత్తనపు బరువు చూడండి. వేరుశనగకు ఎకరమునకు 60 కిలోలకు పైగా గింజలు కావలెను. కొఱ్ఱకు 2 కిలోలు చాలును. కందికి రెండు మూడు కిలోలు. ఉలవకు 8 మొదలు 10 కిలోలు. మొదటి విత్తు చెడిన రైతు చేతిలో డబ్బు లేనివాడు. వానికి మరల అరువది కిలోల విత్తనము అప్పు తెచ్చి ఆగస్టులో విత్తుమని చెప్పుట శత్రువు చేయవలసిన పని. అట్లు మూడవసారి విత్తి మునిగినవారిని నేనెఱుగుదును. అంతకన్న ఘోరమైనది బోరు మీది ఆశ. ఒక బోరు ఎండగా, ఇంకొక బోరు, ఆపైన మరియొకటి, నగలు తాకట్టు పెట్టి, పొలము తాకట్టు పెట్టి. నీరు పడిన ఒక పొరుగువాని కథ విని పదిమంది తవ్వింతురు. పడనివారి కథలు ఎవరును చెప్పరు. దీనిని కూడ ఆశ యనియే పిలుచుచున్నారు. నాకు మాత్రము అది జూదముగా తోచుచున్నది. రెండు కిలోల కొఱ్ఱ విత్తనము చేతబట్టుకొని ఆశ్లేష పదను కొరకు కాచుకొన్న మనిషి ఆశ వేరు. అది తప్పినను వాని ఇల్లు కూలదు.

ఇక్కడ విత్తనము దాచుకొనుటను గూర్చి చెప్పవలెను. ప్రత్యామ్నాయ పంటల విత్తనములను ప్రభుత్వము రాయితీ మీద సరఫరా చేయును, నిజమే. కాని పదను మూడు నాలుగు దినములకన్న నిలువదు. బస్తా ఊరు చేరునప్పటికి నేల ఆరిపోయిన సందర్భములు లేకపోలేదు. మా శాఖవాడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను. ఇంట కుండలో నున్న ఎనిమిది కిలోల ఉలవలకు ఏ దస్తావేజును అక్కరలేదు. బాగుగా ఎండబెట్టి, బూడిద కలిపి, మూతి మెత్తి పెట్టినచో పుచ్చు పట్టదు. పిడికెడు గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూచి మరీ విత్తండి.

పశువులను గూర్చి రెండు మాటలు. కరవు యేట మొదట సంతకు పోవునవి ఎద్దులు, ఆవులు. అందరును ఒకేసారి తోలుకొని పోవుటచేత ధర పడిపోవును. మరుసటి యేడు సేద్యమునకు ఎద్దులు కొనబోగా రెండింతలు. కనుక పైరు పోయిన తుండులో మొదటి పదనుకే పశుగ్రాసపు జొన్నగాని, సజ్జగాని, అలసందగాని చల్లండి. అయితే జొన్నతో ఒక జాగ్రత్త. బెట్టకు గురియై గిడసబారిన లేత జొన్నలోను, కోసిన మోళ్ల నుండి వచ్చిన పిలకలలోను విషముండును. మన రైతులు దీనిని నాము అందురు. పూత రాని బెట్ట జొన్నలో పశువులను విడువరాదు. పైరు పోయిన బాధలో నున్న ఇంటికి ఎద్దు కూడ నాము తిని పోయినచో ఆ ఇల్లు తేరుకొనుట కష్టము.

గ్రామములందలి వ్యవసాయ సహాయకులు, రెవిన్యూ ఉద్యోగులు, పెద్దలు ఈ పుటను దాటవేయరాదని కోరుచున్నాను. మీ పని పైరు ఎండిన తరువాత ఆరంభమగుననుకొనుట పొరబాటు. విత్తినది విత్తినట్లు పంట నమోదులో ఎక్కవలెను. మొదటి పంట చెడి ఉలవ వేసినచో ఆ మార్పును కూడ ఎక్కించవలెను. నష్టము 33 శాతము గాని అంతకు మించి గాని యున్నప్పుడే పెట్టుబడి రాయితీకి అర్హత గలుగును గనుక, పంట నష్టపు లెక్క వ్రాయువాడు చేనిలోనికి నడచి వ్రాయవలెను. నావలె మోటారు సైకిలు మీదనుండి కాదు. కౌలు రైతు పేరు మరువవద్దు. పొలము ఒకరి పేర, నష్టము మరొకరి నెత్తిన ఉండుట మన గ్రామములలో సర్వసామాన్యము.

మరొక సంగతి చెప్పుటకు నాకు కష్టముగా నున్నది, అయినను చెప్పక తప్పదు. మన జిల్లాలో కరవు యేండ్లలో రైతులు ప్రాణము తీసికొన్నారు. పత్రికలలో పేర్లు వచ్చినపుడు మాత్రమే మనము దానిని గూర్చి మాటలాడుదుము. ప్రతి దినము రచ్చకట్టకు వచ్చెడి మనిషి వారము దినములుగా రాకుండినచో, చేని దారినే మానివేసినచో, అప్పుల మాట ఎత్తిన తల వంచుకొని లేచిపోవుచున్నచో, వాని ఇంటికి వెళ్లండి. ఏదో ఒక పని మీద వచ్చినట్లు వెళ్లండి. కూర్చొని నిదానముగా అడగండి. చావు తలంపు వచ్చినదా అని సూటిగా అడుగుటవలన కీడు లేదు, చాలమందికి ఆ అడుగుటయే ఊరట. పురుగుమందు డబ్బాలను ఆ ఇంట నుండనీయక మరొకచోట తాళము వేసి పెట్టించండి. ఒంటరిగా విడువక ఆసుపత్రికి తోడు వెళ్లండి. 14416 అను ఉచిత నంబరునకు ఫోను చేసినచో టెలీ మానస్ వారు తెలుగులోనే మాటలాడుదురు. “ధైర్యముగా నుండుము” అని భుజము తట్టి వచ్చుట సులభము. దానివలన ఎవరి అప్పు తీరినది, ఎవరి చేను తడిసినది? బ్యాంకునకు తోడు వెళ్లి అప్పు వాయిదా మార్పించుట, దరఖాస్తు వ్రాసి పెట్టుట, రెండు కిలోల విత్తనము చేతిలో పెట్టుట, వీనిలో ఏదో ఒకటి చేసి తరువాత ధైర్యము చెప్పండి.

ఈ సీమ ఇంతకన్న చెడ్డ కాలములను చూచినది. 1876-78 నాటి ధాత కరవులో ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలో నుండెను, అనంతపురం జిల్లా ఏర్పడినది 1882లో. ఆనాడు పైరు పోవుటయనగా ప్రాణములు పోవుటయే. 1952లో రాయలసీమలో గంజి కేంద్రములు పెట్టవలసివచ్చెను. ఆ గంజి వరుసలను గూర్చి మా తాతగారు చెప్పగా వింటిని. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకము దేశమునకంతటికి మొదలైనది మన నార్పల మండలము బండ్లపల్లిలోనే. ఆ పనులలో త్రవ్విన కుంటలు మన చేలలో నేటికిని ఉన్నవి. పైరు పోయిన ఇంట పొయ్యి ఆరకుండుటకు ధాత కరవు నాడు లేని దారులు నేడు కొన్ని ఉన్నవి. అవి గడప దాక చేరవలెను, అంతే కొదువ.

ఆ పెద్దాయన సంగతి మిగిలియున్నది. 2023 ఆగస్టు మీకు జ్ఞాపకముండును. 1901 నుండి లెక్కలున్నంతలో మన దేశమున అంత తక్కువ వాన కురిసిన ఆగస్టు మరొకటి లేదు. ఆ యేటి ఖరీఫునకు రాష్ట్రములో 103 మండలములను కరవు మండలములుగా ప్రకటించిరి. ఆ నెల ఆఖరున ఒకనాటి రాత్రి ఆయన నాకు ఫోను చేసెను. “సార్, రేపు పొద్దన్నే రా. మద్యానం మాత్తరం వద్దు” అన్నాడు.

ఆరున్నరకు చేరితిని. ఈసారి బండి బాటమీదనే నిలిపి, చెప్పులు విడిచి, ఇద్దరము చేనిలో నడచితిమి. వాగువైపు పల్లమున రెండున్నర ఎకరములలో రెక్కలు విచ్చుకొనుచున్నవి. ఎగువన గరుసు నేలలో ఎకరమున్నర పోయినది. గోటితో గీరి చూచితిమి, లోపల కూడ ఎండియున్నది. ఆయనయే ముందుగా అన్నాడు: “కిందిది పెట్టుకుందాం. మీదిది దున్నేసి ఉలవలు ఏద్దాం. పదునొస్తే.” విత్తనము ఎక్కడిదని అడిగితిని. ప్రక్క గట్టుమీద గడ్డి కోయుచున్న మరదలివైపు చూచినాడు. ఆమె కొడవలి ఆపి, “కుండలో ఉండాయి బావా. నాగు గీగు వద్దులే, పండినాక పోసినన్ని పొయ్యి” అన్నది.

సెప్టెంబరు మొదటి వారములో ఆ ఊరిమీద ఒక వాన, నెలాఖరులో మరొకటి పడినవి. క్రింది తుండులో వేరుశనగ ఆరు మూటలు మాత్రమే అయినది. కాయలు చాల లొట్టలు. ఉలవలు రెండు బస్తాలకు కొంచెము తక్కువ. అప్పు తీరలేదు, వడ్డీ మట్టుకు కట్టినాడు. ఎద్దులను అమ్మలేదు. కట్టె, ఉలవ పొట్టు కలిసి ఉగాది దాక మేతకు సరిపోయినవి.

సంక్రాంతి తరువాత నేను ఆ దారిన పోవుచు వారి ఇంట ఆగితిని. మరదలి ఉలవలు మరదలికి కొలిచి ఇచ్చివేసినాడట. వసారాలో క్రొత్త కుండ ఒకటి ముందుంచుకొని, మిగిలిన ఉలవలలో పుచ్చులు, రాళ్లు ఏరుచున్నాడు. ప్రక్కన చేటలో జల్లించిన బూడిద ఉన్నది. నన్ను కూర్చుండబెట్టి, లోపలినుండి గుగ్గిళ్లు తెప్పించి, తాను మాత్రము ఏరుట మానలేదు. మూతి మెత్తుటకు పేడ కలుపుమని కోడలిని కేకవేసినాడు.